గగన తరంగాలపై ఆట: అండమాన్ దీవులు, క్రీడా ప్రసార హక్కులు

బంగాళాఖాతంలో, ఆంధ్ర తీరానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరాన, అండమాన్ నికోబార్ దీవులు ఉత్తర దక్షిణాలుగా ఏడువందల కిలోమీటర్లకు పైగా బారులు తీరి ఉన్నాయి. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతా రేవుల నుండి బయలుదేరిన ఓడ రాజధానీ నగరం పోర్ట్ బ్లెయిర్ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అన్న కొత్త పేరు పొందిన ఈ నగరానికి బియ్యం, ఉప్పు, ఉత్తరాలు, బంధువులు అన్నీ తరతరాలుగా ఓడ మీదనే వచ్చాయి. వార్తాపత్రిక కూడా చాలాకాలం ఆ ఓడకై ఎదురుచూసింది.

ఉత్తరం మూడు రోజులు ఆలస్యమైనా దాని విలువ తరిగిపోదు. ఆట వార్త అలాంటిది కాదు. ఎవరు గెలిచారో తెలియని ఆ రెండు మూడు గంటల ఉత్కంఠలోనే దాని ప్రాణం ఉంటుంది. ఫలితం తెలిసిన తరువాత చదివే వర్ణన చరిత్రే తప్ప ఆట కాదు. అందువల్ల సముద్రం నడుమ నివసించే ప్రజలకు క్రీడారంగంతో సజీవమైన సంబంధం కల్పించగలిగిన తొలి సాధనం రేడియో. క్రీడా ప్రసార హక్కుల చరిత్రను సాధారణంగా క్రీడా సంఘాల లాభనష్టాల లెక్కగా చెబుతారు. దూరపు దీవిలో కూర్చుని వినే శ్రోత వైపు నుండి చూసినప్పుడు అదే చరిత్రకు వేరొక అర్థం కనిపిస్తుంది.

దీవులలో ఆకాశవాణి

పోర్ట్ బ్లెయిర్‌లో ఆకాశవాణి కేంద్రం 1963 జూన్ 2న ప్రారంభమైంది. మీడియం వేవ్‌తో పాటు షార్ట్‌వేవ్‌పై కూడా ఈ కేంద్రం ప్రసారాలు సాగించిన కాలం ఉంది. విడివిడిగా ఉన్న ఊళ్ళకు తీగ వేయడం గాని, రోడ్డు వేయడం గాని సాధ్యం కాని చోట రేడియో తరంగానికి సముద్రం అడ్డు కాలేదు.

ఈ దీవుల జనాభా భారతదేశానికి ఒక చిన్న నమూనా. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి 3,80,581 మందిలో బెంగాలీ మాతృభాషగా గలవారు సుమారు 28 శాతం. హిందీ, తమిళం తరువాత నాలుగవ స్థానంలో, సుమారు 13 శాతంతో తెలుగు ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి చేపల వేటకు, రేవు పనులకు, వ్యాపారానికి వలస వచ్చిన కుటుంబాల సంతతి వీరిలో ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ వంటి పేటలలో తెలుగు మాట నేటికీ వీధి మాటగా వినిపిస్తుంది. నికోబారీ, మలయాళ భాషల వారిని కూడా కలుపుకొని ఇన్ని భాషల ప్రజలకు ఒకే కేంద్రం నుండి ప్రసారాలు చేయవలసిన బాధ్యత ఆకాశవాణిపై పడింది.

ఇట్టి శ్రోతల సముదాయానికి క్రీడా వ్యాఖ్యానం ఉమ్మడి ఆస్తి వంటిది. నాటకం ఒక భాషకు, పాట ఒక ప్రాంతానికి చెందవచ్చు. హాకీ జట్టు గోలు చేసినప్పుడు ఆనందించడానికి భాషాభేదం లేదు. 1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో జరిగిన ప్రపంచ హాకీ కప్పు తుది పోటీలో భారత జట్టు 2-1 గోల్స్ తేడాతో పాకిస్తాన్‌పై విజయం సాధించినప్పుడు, జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానం ద్వారా దేశం ఆ ఆటను చెవులతోనే చూసింది. అటు కోల్‌కతా మైదానాల ఫుట్‌బాల్ పోటీలను అజయ్ బసు, కమల్ భట్టాచార్య, పుష్పేన్ సర్కార్ బెంగాలీలో వర్ణించి ఇంటింటికీ తీసుకువెళ్ళారు. ఆ కాలంలో ఈ ప్రసారాలకై ఆకాశవాణితో పోటీ పడినవారు దేశంలో ఎవరూ లేరు. పోటీ లేకపోవడం మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్న అప్పటికి పుట్టలేదు. ఆ ప్రశ్న పుట్టిన చోటు వేరు. దానిని తెలుసుకోవాలంటే రేడియో బాల్యదశకు వెళ్ళాలి.

ఆట గొంతుకు వెల కట్టిన తొలి రోజులు

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో 1920 నవంబరులో క్రమబద్ధమైన ప్రసారాలు ప్రారంభించిన కేడీకేఏ రేడియో కేంద్రం, 1921 ఆగస్టు 5న అదే నగరంలోని ఫోర్బ్స్ ఫీల్డ్ మైదానం నుండి బేస్‌బాల్ ఆటను ప్రసారం చేసింది. వ్యాఖ్యాత హెరాల్డ్ ఆర్లిన్. వృత్తి క్రీడాకారుల బేస్‌బాల్ ఆట ఒకటి రేడియోలో వినిపించడం అదే మొదలు. నాడు దానిని ఒక వింతగా మాత్రమే భావించారు; దానికి ధర ఉంటుందని ఎవరికీ తోచలేదు.

కొద్ది సంవత్సరాలలోనే జట్ల యజమానులకు రెండు విరుద్ధమైన ఆలోచనలు కలిగాయి. ఇంట్లో కూర్చుని ఉచితంగా వినగలిగితే టిక్కెట్టు కొని మైదానానికి ఎవరు వస్తారన్న భయం మొదటిది. వినేవారి సంఖ్య పెరిగితే ప్రకటనదారులు డబ్బు చెల్లిస్తారన్న ఆశ రెండవది. భయం గెలిచిన చోట తలుపులు మూసుకున్నాయి: న్యూయార్క్‌లోని మూడు ప్రధాన బేస్‌బాల్ జట్లు 1934లో ఒప్పందం చేసుకుని అయిదేళ్ళపాటు తమ ఆటలను రేడియోకు ఎక్కనివ్వలేదు. 1939లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఆ కట్టుబాటును వదలి రెడ్ బార్బర్‌ను వ్యాఖ్యాతగా నియమించిన తరువాతనే ఆ నగరం తన జట్ల ఆటలను మళ్ళీ వినగలిగింది.

ఆశ గెలిచిన చోట తగాదా మొదలైంది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు తన ఆటల ప్రసార హక్కును ప్రకటనదారులైన కంపెనీలకు అమ్ముకోగా, హక్కు లభించని కేక్యూవీ అనే స్థానిక రేడియో కేంద్రం ఒక ఉపాయం పన్నింది. మైదానం ప్రహరీ వెలుపల, లోపలి ఆట కనిపించే ఎత్తైన చోటు అద్దెకు తీసుకుని అక్కడ తన మనుషులను నిలిపి, వారు చూసి చెప్పిన వివరాలను ఎప్పటికప్పుడు ప్రసారం చేసింది. పదిహేడేళ్ళ క్రితం తొలి ప్రసారం జరిగిన ఫోర్బ్స్ ఫీల్డే ఈ వివాదానికి రంగస్థలం కావడం విశేషం. 1938లో ఫెడరల్ న్యాయస్థానం జట్టు పక్షాన తీర్పు చెప్పింది. ఆటను ఏర్పాటు చేసి, ఖర్చు భరించి, మైదానంలోకి ప్రవేశాన్ని నియంత్రించే వారికే ఆ ఆట వార్తను కొంతకాలం పాటు వినియోగించుకునే హక్కు ఉంటుందని పేర్కొంది.

దానికి ఒక ఏడాది ముందే ఆస్ట్రేలియా ఉన్నత న్యాయస్థానం సరిగ్గా దీనికి వ్యతిరేకమైన నిర్ణయం చేసింది. సిడ్నీలోని విక్టోరియా పార్క్ గుర్రపు పందేల మైదానం పక్క ఇంటివాడు తన స్థలంలో ఎత్తైన వేదిక కట్టించగా, 2యూడబ్ల్యూ రేడియో వ్యాఖ్యాత దానిపై నిలబడి పందేలను వర్ణించేవాడు. తమ మైదానానికి జనం రావడం తగ్గిందని యజమానులు మొరపెట్టుకున్నారు. ముగ్గురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపు నిలిచిన ఆ 1937 తీర్పులో, కంటికి కనిపించే దృశ్యానికి యజమాని ఉండడని మెజారిటీ అభిప్రాయపడింది. కనబడకూడదనుకుంటే గోడ ఎత్తు పెంచుకోవచ్చునని భావం.

ఒక గోడ అవతల నిలబడి చెప్పిన మాట ఒక దేశంలో చౌర్యమైంది, మరొక దేశంలో స్వేచ్ఛ అయింది. రెండు తీర్పులలోనూ వాది మైదానం యజమాని. ప్రతివాదుల పక్షాన రేడియో కేంద్రం. రేడియో పెట్టె ముందు కూర్చున్న శ్రోత ఏ న్యాయస్థానంలోనూ కక్షిదారుగా కనిపించడు. ఈ లోటును గుర్తుంచుకుని భారతదేశ పరిస్థితిని పరిశీలించాలి.

పోటీ లేని కాలం

మన దేశంలో క్రికెట్ రేడియో వ్యాఖ్యానానికి 1934లో బొంబాయిలో జరిగిన చతుర్ముఖ పోటీలతో నాంది పలికినవాడు ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్. రెండేళ్ళ తరువాత, 1936లో, ప్రభుత్వ ప్రసార సంస్థ ఆలిండియా రేడియో అన్న పేరు ధరించింది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నిస్తంత్రీ ప్రసారంపై సర్వాధికారాన్ని ప్రభుత్వానికే ఇచ్చినందువల్ల స్వాతంత్ర్యానంతరం కూడా నాలుగు దశాబ్దాలకు పైగా దేశంలో రెండవ రేడియో సంస్థకు అవకాశం లేకపోయింది. రేడియో పెట్టె ఉంచుకోవడానికి కూడా లైసెన్సు రుసుము చెల్లించవలసిన రోజులవి.

శ్రోతలకై పోటీ బయటి నుండి వచ్చింది. 1950లలో ఆకాశవాణి సినిమా పాటలకు తలుపు మూయగా శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. దానికి సమాధానంగానే 1957 అక్టోబరు 3న వివిధ భారతి అవతరించింది. క్రీడల విషయంలో ఇలాంటి పోటీ ఏర్పడలేదు. క్రీడా సంఘాలు ఆకాశవాణిని ఆహ్వానించేవి. ఆకాశవాణి వ్యాఖ్యాతలను పంపేది. హక్కు అన్న మాట ఎవరూ పలుకలేదు. ప్రసారం వల్ల ఆటకు ప్రచారం లభిస్తున్నందున అది నిర్వాహకులకు చేసే ఉపకారమని ప్రసార సంస్థలు తలచేవి.

ఈ ఏర్పాటులో దోషాలు లేకపోలేదు. ఏ ఆటను, ఏ భాషలో, ఎంతసేపు ప్రసారం చేయాలో ఢిల్లీలోనే నిర్ణయమయ్యేది. వ్యాఖ్యానం నడుమ వార్తల సమయం వస్తే ఆట ఆగకపోయినా ప్రసారం ఆగేది. అయినప్పటికీ దీవుల దృష్టిలో దానికి ఒక గొప్ప సుగుణం ఉంది. శ్రోతల సంఖ్యతో గాని, ప్రకటనల ఆదాయంతో గాని నిమిత్తం లేకుండా బొంబాయికి అందిన గొంతే కార్ నికోబార్‌కూ అందవలసినదన్న భావన ఆ వ్యవస్థకు పునాది. లాభం లెక్క వేసుకునే ఏ సంస్థా ఇన్ని దీవులకు, ఇంత తక్కువ జనాభాకు ప్రసారం చేయడానికి ముందుకు వచ్చి ఉండేది కాదు.

హీరో కప్ వివాదం – 1995 తీర్పు

1993 నవంబరులో బెంగాల్ క్రికెట్ సంఘం తన వజ్రోత్సవ సందర్భంగా హీరో కప్ పేరుతో అంతర్జాతీయ పోటీలు నిర్వహించింది. వాటి టెలివిజన్ హక్కులకు దూరదర్శన్ తగిన ధర చెల్లించాలని సంఘం కోరగా, తాము చెల్లించడం కాదు, సంఘమే ఒక్కొక్క ఆటకు 5 లక్షల రూపాయల చొప్పున సాంకేతిక రుసుము చెల్లించాలని దూరదర్శన్ పట్టుపట్టింది. సంఘం ట్రాన్స్ వరల్డ్ ఇంటర్నేషనల్ అనే విదేశీ సంస్థతో ఒప్పందం చేసుకుంది. దేశం నుండి ఉపగ్రహానికి సంకేతాలు పంపే అనుమతి విషయంలో వివాదం ముదిరి, కలకత్తా హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. నవంబరు 27న ఈడెన్ గార్డెన్స్‌లో వెస్టిండీస్‌ను ఓడించి భారత జట్టు కప్పు గెలుచుకుంది. ఆట ముగిసినా వ్యాజ్యం ముగియలేదు.

1995 ఫిబ్రవరి 9న వెలువడిన తీర్పు భారత ప్రసార చరిత్రలో ఒక మైలురాయి. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఈ ధర్మాసనంలో సభ్యులు. గగన తరంగాలు ప్రజల ఆస్తి. వాటిని ప్రజాహితం కోసమే వినియోగించాలి. వాటిపై ప్రభుత్వానికి గాని మరెవరికి గాని గుత్తాధిపత్యం తగదు. స్వయంప్రతిపత్తి గల ప్రజాసంస్థ ఒకటి వాటిని నియంత్రించాలి అన్నవి తీర్పులోని సారాంశం.

ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన తెలుగు ప్రముఖుడు జస్టిస్ జీవన్‌రెడ్డి వేరుగా రాసిన అభిప్రాయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. భావ ప్రకటన స్వేచ్ఛలో సమాచారాన్ని పొందే హక్కు కూడా ఇమిడి ఉందని ధర్మాసనం గుర్తించింది. అయితే ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని తొలగించడమంటే దానిని ధనబలం గల ప్రైవేటు వ్యక్తుల చేతిలో పెట్టడం కాదనీ, ప్రసార కేంద్రం స్థాపించుకునే ప్రాథమిక హక్కు ఎవరికీ లేదనీ జీవన్‌రెడ్డి స్పష్టం చేశారు. ప్రసార సాధనాలు ప్రభుత్వం చేతిలో కాక ప్రజల చేతిలో ఉండాలన్నది ఆయన చేసిన సూక్ష్మమైన విభజన. 1937లో, 1938లో న్యాయస్థానాలకు కనిపించని శ్రోత ఈ తీర్పులో మొదటిసారిగా హక్కుదారుగా నిలిచాడు. మైదానం సంఘానిది కావచ్చు, ఆట క్రీడాకారులది కావచ్చు; దానిని మోసుకుపోయే తరంగం మాత్రం జంగ్లీఘాట్ జాలరిది కూడా.

హక్కుల అంగడిలో రేడియో

1990లో పార్లమెంటు ఆమోదించిన ప్రసార భారతి చట్టం 1997 సెప్టెంబరులో అమలులోకి వచ్చి, అదే నవంబరులో ఆకాశవాణి, దూరదర్శన్‌లు ప్రసార భారతి కిందికి వచ్చాయి. వివిధ ప్రాంతాల సంస్కృతులకు, భాషలకు తగిన చోటు కల్పించడంతో పాటు క్రీడలకు తగినంత ప్రాధాన్యం ఇవ్వడం కూడా ఆ సంస్థ కర్తవ్యాలలో ఒకటిగా చట్టంలోనే చేర్చారు. మరికొద్ది కాలానికే ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు వేలం ద్వారా లైసెన్సులు ఇవ్వడం ప్రారంభమై, 2001 జూలైలో బెంగుళూరులో తొలి ప్రైవేటు కేంద్రం మాట్లాడింది.

ఇక క్రీడా వ్యాఖ్యానానికి రేడియోల మధ్య పోటీ తప్పదని పలువురు ఊహించారు. ఇతర దేశాలలో అది అప్పటికే తీవ్రంగా ఉంది. 2000లో యూరోపియన్ ఫుట్‌బాల్ పోటీల సందర్భంలో బ్రిటన్‌లోని టాక్‌స్పోర్ట్ అనే ప్రైవేటు రేడియో, ప్రసార హక్కు లేకపోయినా, ఆమ్‌స్టర్‌డామ్ హోటల్ గదిలో టెలివిజన్ చూస్తూ వ్యాఖ్యానం చెప్పింది. హక్కు కొనుక్కున్న బీబీసీ న్యాయస్థానానికి వెళ్ళినా తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు లభించలేదు. పిట్స్‌బర్గ్ ప్రహరీ పక్కన నిలిచిన ఎత్తైన చోటు, సిడ్నీ పక్కింటి వేదిక, ఈ హోటల్ గది ఒకే కథలోని మూడు ఘట్టాలు.

భారతదేశంలో పోటీ వేరొక రూపం దాల్చింది. ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాలకు వార్తా ప్రసార స్వేచ్ఛ లేదు. 2011లో ప్రకటించిన మూడవ దశ విధానం క్రీడా సమాచారాన్ని అనుమతించింది గాని ప్రత్యక్ష ప్రసారాన్ని మినహాయించింది. స్థానిక స్వభావం గల క్రీడల ప్రత్యక్ష వ్యాఖ్యానానికి మాత్రం చోటిచ్చింది. దానితో అసలు పోరాటం రేడియో కేంద్రాల మధ్య కాక, హక్కులు కొనుక్కున్న టెలివిజన్ వ్యాపార సంస్థలకు, ప్రజా ప్రసార సంస్థకు నడుమ సాగింది.

2006లో నింబస్ సంస్థ నాలుగేళ్ళ భారత క్రికెట్ హక్కులను 61 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి కొన్నది. 2007 జనవరిలో వెస్టిండీస్ జట్టు పర్యటన సమయంలో ఆ సంస్థ దూరదర్శన్‌తో ప్రత్యక్ష సంకేతాలను పంచుకోవడానికి అంగీకరించలేదు. ఢిల్లీ హైకోర్టు ఏడు నిమిషాల ఆలస్యంతో ప్రసారం చేసే ఏర్పాటు చేసింది. కేబుల్ కనెక్షన్ లేని కోట్లాది ప్రజలు ఏడు నిమిషాలు వెనుకబడిన భారతదేశంలో ఉండిపోయారు. ఫిబ్రవరిలో ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేయగా, తరువాత అదే ఏడాది పార్లమెంటు దానిని చట్టం చేసింది.

క్రీడా ప్రసార సంకేతాలను ప్రసార భారతితో తప్పనిసరిగా పంచుకోవాలని శాసించే ఈ 2007 చట్టం జాతీయ ప్రాముఖ్యం గల క్రీడలకు వర్తిస్తుంది. హక్కుదారు తన ప్రత్యక్ష సంకేతాలను ప్రకటనలు తొలగించి ప్రసార భారతికి ఇవ్వాలి. తద్ద్వారా లభించిన ప్రకటనల ఆదాయంలో టెలివిజన్ విషయంలో హక్కుదారుకు 75, ప్రసార భారతికి 25 పాళ్ళు. రేడియో విషయంలో ఇద్దరికీ చెరిసగం. ఈ నిష్పత్తిలోని తేడా గమనింపదగినది. టెలివిజన్ ప్రసారంలో కెమెరాల ఖర్చంతా హక్కుదారుదే కాగా, రేడియోలో వ్యాఖ్యాత గొంతు, భాష, శ్రోతల వద్దకు చేర్చే యంత్రాంగం చాలావరకు ఆకాశవాణివే.

ఈ చట్టం పరిధిని 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు నిర్ణయించింది. ఇలా అందుకున్న సంకేతాలను ప్రసార భారతి తన భూతల ప్రసారాలకు, తన ఉచిత డిష్ సేవకు మాత్రమే వినియోగించాలి గాని కేబుల్ నిర్వాహకుల ద్వారా పంపరాదని చెప్పింది. కొనగలిగిన వారికి వ్యాపారి అందిస్తాడు. కొనలేని వారికి, కొనడానికి అంగడి లేని చోట ఉన్నవారికి ప్రభుత్వ తరంగం అందించాలి అన్నదే ఆ విభజనలోని న్యాయం.

రేడియో హక్కులకు కూడా క్రమంగా వేరు ధర ఏర్పడింది. 2019 ప్రపంచ కప్ క్రికెట్ శ్రవణ ప్రసార హక్కులు చానల్ 2 గ్రూప్ అనే ప్రైవేటు సంస్థ చేతిలో ఉండగా, ఆ సంస్థ ద్వారానే ఆకాశవాణి భారత శ్రోతలకు వ్యాఖ్యానం అందించింది. అదే ఏడాది సెప్టెంబరులో భారత క్రికెట్ బోర్డుతో ఆకాశవాణి రెండేళ్ళ ఒప్పందం కుదుర్చుకుని, అంతర్జాతీయ పోటీలతో పాటు దేశవాళీ పోటీలను కూడా వినిపించే వీలు కల్పించుకుంది. ఒకప్పుడు ఆహ్వానంపై వెళ్ళిన సంస్థ ఇప్పుడు ఒప్పందపత్రంతో మైదానంలోకి ప్రవేశిస్తున్నది.

దీవుల వైపు నుండి

అండమాన్ నికోబార్ దీవులకు ఈ పరిణామాలన్నీ ఎంత దగ్గరివో 2004 డిసెంబరు 26 ఉదయం గుర్తు చేసింది. సునామీ తాకిడికి నికోబార్ దీవులు అపారమైన నష్టానికి లోనయ్యాయి. రేవులు విరిగాయి, విద్యుత్తు, టెలిఫోను తెగిపోయాయి. తీగ మీద ఆధారపడే సాధనాలన్నీ మూగవోయిన చోట బ్యాటరీతో నడిచే రేడియో పెట్టెకు గల విలువ ఏమిటో అప్పుడు తెలిసివచ్చింది. ఆపద వేళ ఉపయోగపడే రేడియో, ఆపద లేని రోజులలో జనం వింటేనే ఇంట్లో నిలిచి ఉంటుంది. ఆటను, పాటను వినే అలవాటు తప్పిన ఇంట్లో తుఫాను హెచ్చరిక వినడానికి రేడియో దొరకదు. క్రీడా వ్యాఖ్యానం వినోదమే కావచ్చు. ప్రజలకు ప్రసార కేంద్రంతో గల సంబంధాన్ని సజీవంగా నిలిపేది కూడా అదే.

2020 ఆగస్టు 10న చెన్నై నుండి దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైన తరువాత పోర్ట్ బ్లెయిర్‌లో సెల్‌ఫోనుపై ఆట చూడడం సులభమైంది. అయితే నడిసముద్రంలో వల వేసిన పడవకు, అడవి అంచున ఉన్న పల్లెకు ఆ సౌకర్యం ఒకే విధంగా అందదు. అంతర్జాలంలో ఆట చూడడానికి చందా కట్టాలి. రేడియో తరంగానికి చందా లేదు.

ఇంతవరకు చెప్పుకున్నది బయటి ఆట దీవికి చేరడం గురించి. దీవిలోని ఆట బయటికి చేరడం రెండవ సమస్య. హక్కుల అంగడిలో దీనిని గురించి మాట్లాడేవారు అరుదు. సునామీ నుండి బయటపడిన నికోబార్ బాలిక డెబోరా హెరాల్డ్ అంతర్జాతీయ సైకిల్ పందేలలో దేశానికి ప్రాతినిధ్యం వహించింది. ఈ దీవుల యువకుడు ఈసో ఆల్బెన్ 2018 ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీలలో రజత పతకం సాధించి, 2019లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో సభ్యుడయ్యాడు. నికోబారీల పడవ పందేలు, కుస్తీలు తరతరాల వారసత్వం. పోర్ట్ బ్లెయిర్ మైదానాలలో ఫుట్‌బాల్ ఆడే కుర్రవాళ్ళు నేటికీ ఉన్నారు. ఈ ఆటల ప్రసార హక్కుల కోసం ఎవరూ పోటీ పడరు, ఎవరూ న్యాయస్థానానికి వెళ్ళరు. ధర లేనందువల్ల వాటికి గొంతు కూడా లేకుండా పోయే ప్రమాదం ఉంది.

2007 చట్టంలో దీనికి ఒక దారి ఉంది. పంచుకున్న ప్రసారాల ద్వారా ప్రసార భారతికి లభించే ఆదాయంలో కొంత శాతాన్ని ఇతర క్రీడల ప్రసారానికి వెచ్చించాలని కేంద్ర ప్రభుత్వం నిర్దేశించవచ్చునని ఆ చట్టం మూడవ సెక్షన్ చెబుతున్నది. క్రికెట్ సంపాదించిన రూపాయిలో కొంత నికోబారీ పడవ పందెం వ్యాఖ్యానానికి చేరవచ్చునన్న మాట. స్థానిక క్రీడల ప్రత్యక్ష వ్యాఖ్యానానికి 2011 ఎఫ్.ఎం. విధానం ఇచ్చిన అనుమతి రెండవ దారి. ఈ రెండు దారులూ వ్యాపార దృష్టితో చూసిన వారికి లాభసాటి కాకపోవచ్చు. ప్రజా ప్రసార సంస్థ పుట్టింది అలాంటి దారులు నడవడానికే.

పిట్స్‌బర్గ్ నుండి పోర్ట్ బ్లెయిర్ వరకు సాగిన ఈ శతాబ్దపు చరిత్రలో ఆట ఎవరిది అన్న ప్రశ్నకు అనేక సమాధానాలు వచ్చాయి. నిర్వాహకుడికి హక్కు ఉండడం న్యాయమే. మైదానం, క్రీడాకారులు, శిక్షణ వీటన్నిటికీ డబ్బు కావాలి. హక్కు కొన్న వ్యాపారికి లాభం రావడమూ న్యాయమే. ఆ రెండు న్యాయాల నడుమ మూడవది మరుగున పడరాదు. 1995 తీర్పు గగన తరంగాలను ప్రజల ఆస్తిగా ప్రకటించినప్పుడు మహానగరాల ప్రజలను ఒక లెక్కలోను, దీవుల ప్రజలను మరొక లెక్కలోను వేయలేదు. జంగ్లీఘాట్‌లో వలలు ఆరబెట్టుకునే తెలుగు జాలరి, డిగ్లీపూర్‌లోని బెంగాలీ రైతు, కార్ నికోబార్ కొబ్బరి తోటలోని నికోబారీ ఒకే క్షణంలో ఒకే గోలు వార్తకు ఉలిక్కిపడి లేచి నిలబడగలిగిన నాడే ఆ తీర్పు దీవులను పూర్తిగా చేరినట్టు.